పాత డ్రిల్, గ్రైండర్, జిగ్‌సాతో ఇంట్లోనే కుమ్మరి సారె, మెరుగు మెషిన్: ఏది దేనికి పనికొస్తుంది

మీ దగ్గరున్న సరుకు ఇదీ: ట్రిగ్గర్ సరిగా పలకని 13 మి.మీ. డ్రిల్లింగ్ మెషిన్, రాళ్లు అరిగిపోయిన 6 అంగుళాల బెంచ్ గ్రైండర్, గరగరమంటున్న 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్, ఒక జిగ్‌సా, స్తంభం వంగిపోయిన పాత డ్రిల్ ప్రెస్. వీటితో మట్టి పనికి సారె, రాగి ఇత్తడి నగలకు మెరుగు పెట్టే మెషిన్, రంగురాళ్లు నునుపు చేసే టంబ్లర్, చెక్కలో లోపలి వంపులు అరగదీసే సాధనం ఏదైనా చేసుకోవాలని మీ ఆలోచన. డ్రిల్‌కి ఒక డిమ్మర్ (కరెంటు తగ్గించి వేగం తగ్గించే రెగ్యులేటర్) తగిలించి దాంతోనే సారె తిప్పేస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదండీ. నేను సరిగ్గా అదే చేసి ఒక మంచి డ్రిల్‌ని తగలబెట్టుకున్నాను, కాబట్టి ముందు ఆ కథ చెబుతాను.

డ్రిల్‌ని నిలువుగా బిగించాను, చక్‌లో, అంటే బిట్టుని పట్టే దవడల్లో, ఒక కడ్డీ, కడ్డీ మీద ప్లైవుడ్ పళ్లెం. డిమ్మర్‌తో వేగం తగ్గించి మట్టి ముద్ద పెట్టాను. మొదటి పది నిమిషాలు ఎంత సంబరమో చెప్పలేను. ముద్దని మధ్యకు తెద్దామని అరచేత్తో గట్టిగా అదిమితే పళ్లెం ఆగిపోయేది, డిమ్మర్ కాస్త పెంచేవాడిని, చెయ్యి తీయగానే అది ఒక్కసారిగా లేచి తిరిగి మట్టినంతా గోడకు కొట్టేది. అలా పెంచుతూ తగ్గిస్తూ అరగంట గడిచాక గాలి రంధ్రాల్లోంచి వార్నిష్ కాలిన వాసన, ఆ వెనకే సన్నగా పొగ. విప్పి చూస్తే ఆర్మేచర్ వైండింగ్, అంటే మోటారులో తిరిగే భాగానికి చుట్టిన తీగ, బొగ్గులా ఉంది. అందులో డ్రిల్ తప్పేమీ లేదు. దాని లోపలి మోటారుకి చల్లదనం ఇచ్చే ఫ్యాన్ కూడా అదే షాఫ్ట్ మీద ఉంటుంది, మోటారు వేల చుట్లు తిరిగితేనే ఆ గాలి చాలుతుంది. వేగం తగ్గించామంటే గాలి తగ్గించినట్టే, పైగా చేత్తో అదుముతున్నాం కాబట్టి కరెంటు మామూలు కంటే ఎక్కువ లాగుతుంది. గాలి తగ్గి వేడి పెరిగితే ఎంత మంచి వైండింగ్ అయినా ఎంతసేపు ఆగుతుంది?

అప్పటి నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒకటే. మోటారుని దాని సొంత వేగంలో తిరగనివ్వాలి, మనకు కావలసిన వేగాన్ని పుల్లీతోనో గేర్‌తోనో రోలర్‌తోనో బయట తెచ్చుకోవాలి. ఇది కుదరని మోటారుని ఆ పనికి పెట్టకూడదు. కుక్క పని కుక్క, గాడిద పని గాడిద చెయ్యాలన్నట్టు, చూడాల్సింది మెషిన్ ఆకారం కాదు, లోపల ఏ జాతి మోటారు ఉందన్నది.

మీ దగ్గర రెండు జాతులు ఉన్నాయి. డ్రిల్, యాంగిల్ గ్రైండర్, జిగ్‌సాలో ఉండేది కార్బన్ బ్రష్‌ల యూనివర్సల్ మోటారు. తేలిక, బలం ఎక్కువ, రొద ఎక్కువ, వేగం నిమిషానికి పది ఇరవై వేల చుట్లు, మధ్య మధ్య ఆపుతూ వాడే పనులకు పుట్టింది. డిమ్మర్‌కి లొంగుతుంది గానీ ఎక్కువసేపు లొంగితే నా డ్రిల్ గతే. మరో సంగతి, గేర్లన్నీ ఊడదీసి ఈ జాతి మోటారుని ఒంటరిగా ఫుల్ కరెంటు మీద తిప్పకండి, లోడు లేకపోతే దాని వేగం ఎక్కడికి పోతుందో దానికే తెలియదు. బెంచ్ గ్రైండర్, డ్రిల్ ప్రెస్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. బరువుగా ఉంటుంది, బ్రష్‌లు ఉండవు, హమ్మని తక్కువ శబ్దంతో గంటల తరబడి తిరుగుతుంది, వేగం మాత్రం దాదాపు మారదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద రెండు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్నది నిమిషానికి 2800 నుంచి 2900, నాలుగు పోల్స్ ఉన్నది 1400 నుంచి 1450. దీనికి మాత్రం డిమ్మర్ పెట్టొద్దు. కెపాసిటర్ స్టార్ట్ మోటారులో స్టార్టింగ్ వైండింగ్‌ని వేగం అందుకున్నాక తప్పించే సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఒకటి ఉంటుంది. వేగం తగ్గిస్తే ఆ స్విచ్ మళ్లీ మూసుకుంటుంది, కొన్ని సెకన్ల కోసం చుట్టిన వైండింగ్ అదే పనిగా కరెంటులో ఉండిపోయి కాలిపోతుంది.

రేటింగ్ ప్లేటు చెరిగిపోయి ఉంటే వేగం తెలుసుకోవడం తేలికే. షాఫ్ట్ చివర సున్నంతో ఒక చుక్క పెట్టి ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీయండి. చుక్క ఒక చుట్టు పూర్తి చేయడానికి 10 ఫ్రేములు పడితే 1440, 5 ఫ్రేములే అయితే 2880. ప్లేటు ఉంటే మాత్రం వేగం ఒక్కటే చూసి వదిలేయకండి, ఎస్1, ఎస్2 అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఎస్1 అంటే ఆపకుండా తిప్పవచ్చు. ఎస్2 30 నిమిషాలు అని ఉంటే అరగంట తిప్పి చల్లారనివ్వాలి. చవక బెంచ్ గ్రైండర్లలో చాలావాటికి ఈ రెండోదే ఉంటుంది, చూసేవాళ్లు తక్కువ.

ఏదైనా విప్పే ముందు ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. చేతి మెషిన్ల మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది కదా, అది డబుల్ ఇన్సులేషన్ గుర్తు. ఆ మెషిన్లకు ఎర్త్ తీగ ఉండదు, ప్లగ్గుకి రెండు తీగలే. వాటి భద్రతంతా ఆ ప్లాస్టిక్ డొక్కలోనే ఉంది. మీరు డొక్క పగలగొట్టి మోటారుని ఇనప ఫ్రేముకు బిగించిన క్షణం ఆ భద్రత పోయింది, లోపల ఎక్కడ తీగ ఒరిసినా ఫ్రేమంతా కరెంటే, మీరేమో తడి మట్టి చేతులతో దాన్ని పట్టుకుని ఉంటారు. అందుకే డ్రిల్, జిగ్‌సా లాంటివి డొక్కతో సహా, ఉన్నవి ఉన్నట్టుగా బిగించి వాడండి. ఇండక్షన్ మోటారు పెట్టిన ఫ్రేముకు మూడో తీగ, అంటే ఎర్త్, రంగు గీకి లోహం తేలిన చోట నట్టుతో గట్టిగా కట్టాలి. నీళ్లు తగిలే మెషిన్ అయితే దాని లైనులో 30 మిల్లీ యాంప్ లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకైతే లైను కట్ చేసేది) ఉండాల్సిందే. దీని మీద నాతో వాదన పెట్టుకోకండి.

ఇక సారె. మీ సరుకులో దీనికి సరిపోయేది డ్రిల్ ప్రెస్ మోటారు. అర హార్స్ పవర్, అంటే 373 వాట్లు, అని మీరే రాశారు, 1440 వేగం అయి ఉండాలి, పైన చెప్పినట్టు ఒకసారి చూసుకోండి. డ్రిల్ ప్రెస్‌లో అది ఎలాగూ షాఫ్ట్ నిలువుగా ఉండేలా కూర్చుంటుంది కాబట్టి సారెకు కూడా అలాగే కూర్చోబెట్టవచ్చు. సారెకు కావలసిన వేగం నిమిషానికి 60 నుంచి 240 చుట్ల లోపు. మోటారు మీద 2 అంగుళాల పుల్లీ, సారె షాఫ్ట్ మీద 12 అంగుళాల పుల్లీ వేస్తే ఆరో వంతు, అంటే 240. లెక్క బాగానే ఉంది గానీ ఒకే వేగంతో కుండ రాదు. ముద్దని మధ్యకు తేవడానికి వేగం కావాలి, గోడలు పైకి లాగేటప్పుడు తగ్గాలి, అంచు దిద్దేటప్పుడు ఇంకా తగ్గాలి. వేగం మారాలి, మోటారు వేగం మారకూడదు, మరెలా?

దీనికి ఎలక్ట్రానిక్స్ లేని పాత ఉపాయం ఒకటుంది. కాలితో తన్ని తిప్పే సారెలకు అడుగున బరువైన చక్రం ఉంటుంది చూశారా, అదే ఫ్లైవీల్, దాన్ని ఉంచుకుని కాలికి బదులు మోటారుతో తన్నించడం. 600 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. మందం ఉన్న కాంక్రీట్ బిళ్ల పోయండి, సుమారు 27 కిలోలు వస్తుంది. మోటారు షాఫ్ట్‌కి 75 మి.మీ. రబ్బరు రోలర్ తొడిగి, మోటారుని ఒక హింజ్ మీద వేలాడదీసి, పెడల్ తొక్కితే రోలర్ వెళ్లి ఫ్లైవీల్ అంచుకు ఆనుకునేలా, పెడల్ వదిలితే స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగేసేలా పెట్టండి. 600కి 75 అంటే ఎనిమిదో వంతు, 1440 కాస్తా 180 అవుతుంది. పెడల్ తొక్కి పట్టుకుంటే సారె మెల్లగా వేగం పుంజుకుని 180కి చేరుతుంది, వదిలేస్తే ఆ బరువు ఊపుకు బొంగరంలా తనంతట తాను తిరుగుతూ నిదానంగా తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా కాస్త తొక్కడం. నాలుగు రోజుల్లో ఆ తొక్కుడు కాలికి వచ్చేస్తుంది, మీరు ఆలోచించనక్కర్లేదు. ఈ లోపల మోటారు ఎప్పుడూ 1440లోనే ఉంటుంది, దాని ఫ్యాన్ దానికి గాలి కొడుతూనే ఉంటుంది, స్టార్టింగ్ వైండింగ్ జోలికి ఎవరూ పోరు. స్విచ్ వేసేటప్పుడు మాత్రం పెడల్ మీద కాలు ఉండకూడదు, 27 కిలోల బరువుని ఆనుకుని మోటారుని స్టార్ట్ చేయించడం దాన్ని ఏడిపించడమే.

ఈ చక్రం పోయడంలోనే పనితనమంతా ఉంది. రేకు పట్టీని గుండ్రంగా వంచి అచ్చు చేసుకోండి, మధ్యలో గొట్టానికి వెల్డింగ్ చేసిన ఇనప ఫ్లాంజ్ (గుండ్రటి బిళ్ల) పెట్టండి, ఆ ఫ్లాంజ్ నుంచి అంచు దాకా 8 మి.మీ. ఊచలు నాలుగైదు చువ్వల్లా పరిచి వాటి మీద వెల్డ్ మెష్ కట్టండి, అప్పుడు పోయండి. ఊచలు లేకుండా ఉత్త కాంక్రీటు పోస్తే ఎప్పుడో ఒకప్పుడు బీట పడుతుంది, 180 వేగం తక్కువే అయినా ఊడిన ముక్క కాలి మీదకే వస్తుంది. గట్టిపడ్డాక షాఫ్ట్ మీద ఎక్కించి చేత్తో తిప్పుతూ అంచు దగ్గర పెన్సిల్ కదలకుండా పట్టుకోండి, ఎత్తున్న చోటే గీత పడుతుంది, తగ్గున్న చోట పడదు. ఆ గీత ఉన్న చోట గరుకు రాయితో తడిగా రుద్దాలి. మళ్లీ తిప్పాలి, మళ్లీ పెన్సిల్, మళ్లీ రుద్దడం. నాకు మొదటిసారి ఒక పూటంతా పట్టింది, విసుగొచ్చి 2 మి.మీ. తేడా వదిలేశాను, ఆ తేడా ప్రతి చుట్టుకీ రోలర్‌ని తన్నుతూ టక్ టక్ మంటూ ఉండేది, మట్టిలో చేతి వేళ్లకు తెలిసేది. వారం భరించి మళ్లీ విప్పి రుద్దాను. మీరు ఆ వారం మిగుల్చుకోండి.

షాఫ్ట్ 25 మి.మీ. కడ్డీ చాలు. పైన ఒకటి, కింద ఒకటి యూసీఎఫ్ 205 బేరింగులు, నాలుగు బోల్టుల ఫ్లాంజ్‌తో వస్తాయి, బరువు మోయడానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు, ఈ బరువు వాటికి లెక్కే కాదు. కానీ గ్రబ్ స్క్రూ, అంటే బేరింగుని షాఫ్ట్‌కి బిగించే తల లేని చిన్న స్క్రూ, కూర్చునే చోట షాఫ్ట్ మీద చిన్న గుంట చేయండి, లేకపోతే షాఫ్ట్ మెల్లమెల్లగా కిందకు జారుతుంది. పైబేరింగుకి మట్టి నీళ్లు చేరకుండా షాఫ్ట్‌కి రబ్బరు చెప్పు ముక్కతో ఒక గొడుగు చేసి తొడగండి, నీటి చుక్క దాని అంచు దాకా వచ్చి పక్కకు ఎగిరిపోతుంది. రోలర్ బయటి అంచుకు ఆనుతుంది కాబట్టి మోటారు తిరిగే దిక్కుకు సారె ఎదురు దిక్కులో తిరుగుతుంది. మీ చేతివాటానికి అది పొసగకపోతే మోటారులో స్టార్టింగ్ వైండింగ్ రెండు కొసలు తారుమారు చేస్తే దిక్కు మారుతుంది. ఆ పెట్టె తెరిచేటప్పుడు కెపాసిటర్‌ని ముందు ఒక మామూలు ఫిలమెంట్ బల్బు తీగలతో తాకించి ఖాళీ చేయండి, స్క్రూడ్రైవర్‌తో ఫట్‌మని పేల్చడం మెకానిక్కుల సరదా, మనకొద్దు.

మెరుగు పెట్టే మెషిన్‌కి బెంచ్ గ్రైండర్ ఇంచుమించు సిద్ధంగా ఉన్నట్టే. అందుకే మొదట ఇదే పూర్తి చేయండి, ఒక్క సాయంత్రం పని. రాళ్లు తీసేసి రెండు వైపులా సూదిమొనలా సన్నబడే, స్క్రూలా మరలున్న స్పిండిల్స్ బిగిస్తే గుడ్డ చక్రం చేత్తో తిప్పి ఎక్కించవచ్చు. నట్టు విప్పేటప్పుడు చాలామంది ఇక్కడే ఆగిపోతారు: మెషిన్‌కి ఎదురుగా నిలబడితే ఎడమ వైపు మరలు తిరగేసి ఉంటాయి, అందరికీ అలవాటైన దిక్కులో తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. స్పిండిల్స్ కూడా ఎడమవి వేరు, కుడివి వేరు, చూసి తెచ్చుకోండి.

2850 వేగం మీద 150 మి.మీ. గుడ్డ చక్రం అంచు సెకనుకు 22 మీటర్ల వేగంతో పోతుంది, రాగి ఇత్తడికి ఇది బాగుంటుంది. చెక్క, కొమ్ము, ప్లాస్టిక్ లాంటివి ఆ వేగానికి వేడెక్కి మాడతాయి. వాటికి మోటారు వేగం తగ్గించాలని చూడకండి, చిన్న చక్రం వేయండి. 100 మి.మీ. చక్రం అయితే అంచు వేగం 15కి దిగుతుంది, ఖర్చు లేని గేర్ బాక్స్ అన్నమాట. పాలిష్ సబ్బులు గోధుమరంగుది గీతలు తీయడానికి, ఎర్రది మెరుపుకి. ఒక్కో సబ్బుకి ఒక్కో చక్రం ఉండాలి, ఒకే చక్రానికి రెండూ పూస్తే ఎర్ర సబ్బు మీద కూడా గోధుమ సబ్బు గీతలే పడతాయి, ఆ తర్వాత సబ్బు బాగాలేదని తిట్టుకుంటాం.

వస్తువుని చక్రం నడుముకు కిందుగా పట్టాలి. చక్రం ముందు వైపు కిందకు తిరుగుతుంది కాబట్టి కింద పట్టుకున్న వస్తువు జారినా నేల మీద పడుతుంది, పైన పట్టుకుంటే అంచు ఇరుక్కుని మీ మీదకే వస్తుంది. కింద దళసరి గుడ్డ పరిచిన ట్రే పెట్టుకోండి. గొలుసుని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వేళ్లకు చుట్టుకుని పెట్టొద్దు. ఒకసారి సన్నని ఇత్తడి గొలుసు నా చూపుడు వేలికి రెండు చుట్లు చుట్టి మెరుగు పెట్టబోయాను, చక్రం దాన్ని పట్టుకుని లాగేసిన తీరు ఇప్పటికీ ఆ వేలి మీద తెల్లటి గీతగా ఉంది, తెగింది గొలుసు కాబట్టి వేలు మిగిలింది. గొలుసుని చెక్క మీద పరిచి రెండు కొసలూ మేకులకు తగిలించి, చెక్కతో సహా పట్టుకుని కొంచెం కొంచెంగా చూపించాలి. గ్లవ్స్ వేసుకుంటే చేతికి రక్షణ అనుకుంటారు, తిరిగే చక్రం దగ్గర గ్లవ్స్ అంటే చెయ్యి మొత్తాన్ని దానికి అప్పగించడమే. కళ్లద్దాలు, ముక్కుకి మాస్క్, పొట్టి చేతుల చొక్కా, అంతే.

ఇప్పటిదాకా ఆ గ్రైండర్ మీద ఇనుము సాన పట్టి ఉంటారు కదా, కవర్ల లోపల పేరుకున్న ఇనప పొడిని పూర్తిగా దులిపేయండి. లేకపోతే మొదటి గంటలోనే నగల మీద గీతలు. ఒక వైపు ఇనుము, మరో వైపు అల్యూమినియం పెట్టే అలవాటు అసలే వద్దు. అల్యూమినియం పొడి మీద ఇనప నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది, ఆ మంట మామూలు మంట కాదు.

డ్రిల్ సంగతి. దాన్ని సారెకి వద్దన్నాను గానీ తీగ పనికి అంతకు మించింది లేదు. ఆగి ఆగి వాడతాం, ఒక్కోసారి అర నిమిషం, మోటారుకి ఊపిరి ఆడుతుంది. చాలా డ్రిల్స్‌కి చక్ వెనక మెడ 43 మి.మీ. గుండ్రంగా ఉంటుంది, 40 మి.మీ. మందం చెక్కలో ఆ కొలత రంధ్రం కోసి, ఒక పక్క రంపంతో చీల్చి, చీలికని బోల్టుతో బిగిస్తే డ్రిల్ బల్ల మీద అడ్డంగా రాయిలా కూర్చుంటుంది. చక్‌లో 6 మి.మీ. కడ్డీ పెట్టి, కడ్డీకి చిన్న రంధ్రం చేసి తీగ కొస అందులో గుచ్చి, మెల్లగా తిప్పుతూ తీగని బొటనవేలు పక్క చెక్క ముక్కతో నొక్కిపట్టి నడిపిస్తే పక్కపక్కనే అతుక్కున్న చుట్టలు వస్తాయి. స్ప్రింగులా వచ్చిన ఆ చుట్టని నిలువునా సన్న రంపంతో కోస్తే వంద రింగులు ఒక్కసారి రాలతాయి. అలాగే రెండు తీగల కొసలు చక్‌లో, మిగతా రెండు కొసలు వైస్‌లో పెట్టి తిప్పితే మెలిక తీగ. మెలిక పడే కొద్దీ తీగ కురచబడుతుంది కాబట్టి వైస్ అయినా డ్రిల్ అయినా జరగగలిగేలా ఉండాలి, లేకపోతే తీగ మధ్యలో తెగి కొరడాలా కొడుతుంది.

ట్రిగ్గర్ పలకడం లేదన్నారు. ట్రిగ్గర్ లోపలి ఎలక్ట్రానిక్ భాగం పోయి ఉంటే దాన్ని మామూలు స్విచ్‌లా నేరుగా కలిపి, వేగాన్ని బయట పెట్టిన డిమ్మర్‌తో అదుపు చేయవచ్చు. డిమ్మర్ వాట్లు డ్రిల్ వాట్లకు రెట్టింపు ఉండాలి, మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు ఎక్కువ. ట్రిగ్గర్ సగం నొక్కి, బయట ఇంకో డిమ్మర్ పెట్టి తిప్పడం చేయకండి, రెండు అదుపులు ఒకదానితో ఒకటి కొట్లాడుకుని మోటారు కుదుపులు కుదుపులుగా తిరుగుతుంది. కుట్టు మిషన్ ఫుట్ పెడల్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, కానీ అది 100 వాట్లకు అటూ ఇటూ ఉన్న మోటారు కోసం చేసింది. 600 వాట్ల డ్రిల్‌కి పెడితే కాలి కింద పొయ్యి పెట్టుకున్నట్టే.

డ్రిల్‌తో పూసలు తరిణె పట్టవచ్చా అంటే, గరుకు కాగితంతో అయితే పట్టవచ్చు, ఉలి ఆనించి అయితే వద్దు. డ్రిల్ బేరింగులు నిలువు ఒత్తిడికి చేసినవి, పక్క నుంచి తోస్తే వదులవుతాయి. డ్రిల్ ప్రెస్ చక్‌కి ఇంకో ప్రమాదం ఉంది, అది మరలతో కాదు, కోసుగా ఉండే టేపర్ మీద ఒత్తుడుతో నిలబడుతుంది. పక్క నుంచి ఒత్తితే తిరుగుతూ తిరుగుతూ ఊడి చేతిలో పడుతుంది.

జిగ్‌సాని తలకిందులుగా బల్ల కింద బిగించి, బ్లేడు బల్ల పైకి వచ్చేలా చేసి సన్న రంపంగా వాడేవాళ్లు ఉన్నారు. బ్లేడు పైకొస గాల్లో ఉంటుంది కాబట్టి వంపుల్లో పక్కకు ఒరుగుతుంది, నాకు నచ్చలేదు. నేను వాడేది ఆకురాయిగా. పాత బ్లేడు పళ్లన్నీ సాన పట్టి తీసేసి, దాని రెండు వైపులా ఎమిరీ గుడ్డని జిగురుతో అతికించాలి. ఆకురాయినే విరిచి బిగిద్దామనుకుంటారు, అది గట్టిదే గానీ పెళుసు, మొదటి పది నిమిషాల్లో టంగుమని విరుగుతుంది, నేను రెండు విరిచాక మానేశాను. ఆర్బిటల్ మీట (బ్లేడుని ముందుకీ వెనక్కీ ఊపేది) సున్నాలో పెట్టి, వేగం అన్నిటికంటే తక్కువలో పెట్టండి, సుమారు 20 మి.మీ. పైకీ కిందకీ ఆడుతుంది, చెక్క బొమ్మ లోపలి వంపుకి అంతకంటే అక్కర్లేదు. తలకిందులుగా పెట్టడంతో చెక్క పొట్టు అంతా నేరుగా మోటారు గాలి రంధ్రాల్లోకి రాలుతుంది, అది మరిచిపోకండి. బ్లేడు చుట్టూ రబ్బరు ముక్కతో చిన్న అడ్డు పెట్టి, పక్కన వాక్యూమ్ గొట్టం ఆనించండి. అయినా నెలకోసారి విప్పి ఊదాలి.

యాంగిల్ గ్రైండర్‌ని వదిలేయండి. నిజంగా చెబుతున్నాను, దాంతో ఏమీ చేయొద్దు. 4 అంగుళాల చక్రం 11 వేల వేగంతో తిరిగితే అంచు సెకనుకు దాదాపు 58 మీటర్లు, దానికి పుట్టిన డిస్కులు తప్ప వేరే ఏది పెట్టినా చీలి ఎగురుతుంది. గుడ్డ చక్రం పెడితే నూలు పోగులుగా ఊడుతుంది, చెక్క కోసే పళ్ల బ్లేడు పెడితే ఏమవుతుందో రాయడం కూడా నాకిష్టం లేదు. దాని గేర్లు గరగరమంటున్నాయి కూడా కాబట్టి బేరింగులు, తీగ, స్విచ్, కార్బన్లు తీసి డబ్బాలో వేసుకోండి, ఎక్కడో ఒక చోట పనికొస్తాయి.

మిగిలింది టంబ్లర్. రాళ్ల టంబ్లర్ అంటే రాళ్లు, గరుకు పొడి, నీళ్లు వేసిన డబ్బా పగలూ రాత్రీ వారాల తరబడి తిరగాలి, గరుకు పొడి 80 నంబరుది, తర్వాత 220, తర్వాత 500, చివర పాలిష్ పొడి, ఒక్కోదానికి దాదాపు వారం. ఎస్2 అని రాసిన గ్రైండర్ మోటారు దీనికి పనికిరాదు, యూనివర్సల్ మోటారు మాట సరేసరి. డ్రిల్ ప్రెస్ మోటారు తిప్పగలదు: 1.5 అంగుళాల పుల్లీ నుంచి 12 అంగుళాలకు ఇస్తే 180, ఆ షాఫ్ట్ మీద 25 మి.మీ. రోలర్, దాని మీద 150 మి.మీ. డబ్బా పడుకుంటే నిమిషానికి 30 చుట్లు, రాళ్లు పైదాకా ఎక్కి జారిపడటానికి సరిపోతుంది. కానీ రెండు కిలోల డబ్బాకి అర హార్స్ పవర్ అంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, పైగా అది సారెకి కావాలి. దీనికి మాత్రం పాత సరుకుని బలవంతపెట్టక, ఎస్1 రాసి ఉన్న చిన్న గేర్ మోటారు ఒకటి చూసుకోండి. డబ్బా మూడింట రెండు వంతులకు మించి, ముప్పావు లోపు నిండాలి. తక్కువైతే రాళ్లు ఎగిరిపడి పగుళ్లు వస్తాయి. మొదటి రోజుల్లో రోజుకోసారి మూత తీయండి, కొన్ని రాళ్లు గ్యాస్ వదులుతాయి, మూత బిగుసుకుని ఉంటే డబ్బా ఉబ్బుతుంది. ఆ బురద నీళ్లు సింకులో పోయకండి, గొట్టంలో సిమెంటులా గట్టిపడుతుంది.

స్విచ్ గురించి ఒక్క మాట. ఈ మెషిన్లన్నిటికీ కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను మొదలవని నో వోల్ట్ స్విచ్ పెట్టండి, ఎర్ర బటన్ పెద్దగా, మోకాలితో కొట్టగలిగే ఎత్తులో. డ్రిల్ ట్రిగ్గర్ లాక్ నొక్కి వదిలేసి, ప్లగ్గు దగ్గర ఆన్ ఆఫ్ చేసుకునే అలవాటు మనందరిదీ, కరెంటు పోయిన మధ్యాహ్నం మీరు చక్‌లో కడ్డీ మారుస్తూ ఉండగా అది తిరిగి వస్తే ఏం జరుగుతుందో ఊహించండి.

ఫ్లైవీల్ ముందు పోసేయండి. కనీసం వారం రోజులు తడి గోనె కప్పి తడుపుతూ ఉండాలి, షాఫ్ట్ మీద ఎక్కించే ముందు ఇంకో రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఆ లోపల గ్రైండర్‌కి స్పిండిల్స్ బిగించుకుని మెరుగు పని మొదలుపెట్టవచ్చు. డ్రిల్ ప్రెస్ మోటారు ప్లేటు మీద ఏం రాసుందో, షాఫ్ట్ ఎన్ని మిల్లీమీటర్లో చెబితే ఆ రబ్బరు రోలర్‌కి కీవే (జారకుండా చీల దించే గాడి) వేయాలో, గ్రబ్ స్క్రూ చాలో చెబుతాను.